శాసనములలోని స్త్రీలు - బాపిరాజుగారి నవలలు

తెలుగున చారిత్రక నవల బహుకాలము రాజులను, యుద్ధములను నమ్ముకొని బ్రదికినది. ఆంగ్లమున స్కాటు, వంగదేశమున బంకించంద్రుడు వేసిన త్రోవలనే మనవారును త్రొక్కిరి. విజ్ఞానచంద్రికా గ్రంథమాల నాటి నవలలను మన తాతలు ఆముదపు దీపముల వెలుగున చదివినారు. కేతవరపు వేంకటశాస్త్రిగారి ‘రాయచూరు యుద్ధము’ మా యూరి పేరుతో వెలసినదగుట చేత రాయచూరు తెనుగువారమైన మాకు దానిపై నొకవిధమగు సొంతపుటభిమానము కలదు. ఆనాటి నవలలలో స్త్రీలు లేరని కాదు. ఉన్నారు, కాని వారిలో పెక్కుమంది వీరుడు గెలుచుకొని తెచ్చుకొనదగిన వస్తువులుగనో, అంతఃపురమున కూర్చుండి కన్నీరు కార్చుటకో యున్నారు. చరిత్ర నడుచుట వారివలన గాదని రచయితలు ముందే నిశ్చయించుకొన్నట్లు తోచును.

ఈ వాడుకను చాలవరకు తప్పించిన రచయిత అడివి బాపిరాజుగారు. వీరు 1895లో భీమవరమున జన్మించి 1952లో స్వర్గస్థులైనారు. చిత్రకారుడుగను, కవిగను, చలనచిత్రముల కళాదర్శకుడుగను, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు అధ్యక్షుడుగను, హైదరాబాదున ‘మీజాను’ పత్రికా సంపాదకుడుగను ఆయన చేసిన పనులను ఇచ్చట విస్తరింప నవసరము లేదు. ‘నారాయణరావు’ నవలకు విశ్వనాథవారి ‘వేయిపడగలు’తో పాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానము వచ్చిన సంగతి అందరెరిగినదే. నేను చెప్పదలచినది ఆయన చారిత్రక నవలలను గూర్చి మాత్రమే. అందును ఒక్క విషయమును గూర్చియే.

ఆ నవలల పేర్లను ఒకమారు వరుసగా పలికి చూడుడు. శాతవాహనుల కాలపు కథకు ‘హిమబిందు’. ఇక్ష్వాకుల కాలపు కథకు ‘అడవి శాంతిశ్రీ’. వేంగీ చాళుక్యుల కథకు ‘అంశుమతి’. అన్నియు ఆడువారి పేర్లే. కాకతీయుల కథయగు ‘గోన గన్నారెడ్డి’ యొక్కటి పురుషుని పేరు గలది. అందును ఒరుగంటి సింహాసనముపై కూర్చున్నది రుద్రమదేవి. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మజాలను. చిత్రకారుడు బొమ్మకు పేరు పెట్టునపుడు తాను దేనిని చూచి కుంచె పట్టెనో దానినే చెప్పును గదా.

వీరిలో హిమబిందు కల్పితపాత్ర. ఆమె రాజపుత్రి కాదు, వర్తకుని కూతురు; ఆమె వలచినవాడు శిల్పి. ఆ నవలలోనే విషకన్య యొకతె కలదు. ఒకరి పగ తీర్చుటకై శైశవము నుండి విషముతో పెంచబడిన పిల్ల. పాతకథలలో విషకన్య ఒక ఆయుధము మాత్రమే. కత్తికి మనసున్నదా యని ఎవ్వరడుగుదురు? బాపిరాజుగారడిగినారు. ఆ భాగములు నేటికిని చదువరిని కలతపెట్టగలవు.

కాని నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది శాంతిశ్రీ విషయము. ఏలయన ఆమె రాతిమీద నిజముగా ఉన్నది.

1926లో మదరాసు శాసనశాఖలో తెలుగు సహాయకులుగా నున్న రంగస్వామి సరస్వతిగారు పలనాటి అడవులలో కృష్ణయొడ్డున నాగార్జునకొండ శిథిలములను కనుగొనిరి. మరుసటి యేడు మొదలుకొని లాంగ్‌హర్స్టు దొర అచ్చట త్రవ్వకములు జరిపెను. మహాచైత్యమునకు నాలుగు దిక్కుల నిలిపిన ఆయక స్తంభములపై ప్రాకృత శాసనములు బయల్పడినవి. వోగెల్ పండితుడు వానిని ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించెను. క్రీస్తు తరువాత మూడవ శతాబ్దమున కృష్ణాతీరము నేలిన ఇక్ష్వాకులను గూర్చి మనకు తెలిసినదానిలో అధికభాగము ఆ స్తంభముల చలవయే.

ఆ స్తంభములను నిలిపినవారెవరు? రాజు కాదు. శాంతమూల మహారాజు అగ్నిష్టోమ వాజపేయాశ్వమేధములు చేసిన వైదికుడు. మహాచైత్యమును కట్టించి స్తంభములు నిలిపినది ఆయన చెల్లెలు శాంతిశ్రీ, ప్రాకృతమున ‘చాంతిసిరి’. ఆమె పూకీయ వంశపు మహాతలవరుని భార్య. అది వీరపురుషదత్తుని రాజ్యకాలమున ఆరవ సంవత్సరము. ఆమెతో పాటు రాజకుటుంబపు స్త్రీలు పెక్కుమంది తలకొక స్తంభమును నిలిపి తమ పేర్లు, తమ తల్లుల పేర్లు, భర్తల పేర్లు చెక్కించినారు. వారిలో ఒకతె శాంతమూలుని కూతురు, ధనక వంశీయుడగు మహాసేనాపతి భార్య, అడవి శాంతిశ్రీ. మేనత్తకును మేనకోడలికిని ఒకటే పేరగుటచేత ఈమెకు ‘అడవి’ యను మాట ముందు చేరినది కాబోలు.

ఒక చిన్న మాట ఇచ్చట చెప్పి ముందుకు పోయెదను. వీరపురుషదత్తుడు తన మేనత్తయగు హమ్మశ్రీ కూతుండ్రనిద్దరిని పెండ్లాడినట్లు అవే శాసనములు చెప్పుచున్నవి. మేనరికములను గూర్చి మన యిండ్లలో నేటికిని జరుగు వాదములకు పదునేడు వందల యేండ్ల రాతి యాధారము కలదని మా మేనమామకు చెప్పగా ఆయన సంతోషమునకు మేర లేకపోయెను.

అడవి శాంతిశ్రీ గూర్చి శాసనమిచ్చినది ఇంతమాత్రమే: ఎవరి బిడ్డయో, ఎవరి భార్యయో, ఎవరి చెల్లెలో, ఒక స్తంభము నిలిపెననియు. ఆమె ఎట్లుండెడిదో, తండ్రి యజ్ఞములు చేయుచుండగా తాను బుద్ధుని ఏల శరణు జొచ్చెనో, ఆ యింట భోజనముల వేళ ఏమి మాటలు జరిగెడివో మనకు తెలియదు. చరిత్రకారుడు అచ్చట ఆగవలసినదే. ఆగుటయే ఆయన నిజాయితి. నవలాకారుడు అచ్చటనే బయలుదేరును. బాపిరాజుగారు ఆ స్తంభముపైని పేరును తీసికొని దానిని గ్రంథమునకే పేరుగా జేసినారు. ఆయన కల్పించిన ప్రణయకథను చరిత్రయని ఎవ్వరును పొరబడనక్కర లేదు. కాని ‘శాంతమూలుని కూతురు’ అని వంశావళిలో ఒక గీతగా మిగిలిన స్త్రీకి ఒక బాల్యము, ఒక సంశయము, ఒక నిర్ణయము ఉండియుండునని తెలుగు చదువరికి తోపించుట సామాన్యమైన పని కాదు. ఆ నవల చదువకమునుపు మనలో నెందరికి ఆమె పేరు తెలియును?

త్రవ్వకములు 1954 నుండి 1960 వరకు మరల జరిగినవి. పిదప నాగార్జునసాగరపు నీరు ఆ లోయ నంతటిని కప్పివేసినది. కట్టడములలో కొన్నిటిని కొండమీదికి, ఒడ్డుమీదికి చేర్చి మరల నిలిపిరి. స్తంభములు నేడు ద్వీపముపై ప్రదర్శనశాలలో నున్నవి. శాంతిశ్రీ నడచిన నేల మాత్రము నీటి క్రింద ఉన్నది.

అచ్చటనే మరియొక స్త్రీ శాసనము కలదు. దానిని బాపిరాజుగారి నవలలకంటె ఎక్కువగా మన సంఘపు సభ్యులు చదువవలెనని నా కోరిక. ఆమె పేరు బోధిశ్రీ. రాణి కాదు, ఉపాసిక. వీరపురుషదత్తుని పదునాలుగవ యేట సింహళపు ఆచార్యులకొరకు ఆమె ఒక చైత్యగృహమును కట్టించినది. అంతటితో నూరకుండక తాను చేయించిన పనులన్నిటిని చెప్పుకొన్నది: ఒకచోట బోధివృక్షమునకు గుడి, ఒకచోట చెరువు, కంటకశైలమున, అనగా మన ఘంటసాలలో, మహాచైత్యపు తూర్పు వాకిట రాతి మండపము. బంధువులను పేరుపేరున తలచి పుణ్యములో భాగమిచ్చినది. ఆ యాచార్యులు ఏయే దేశములలో ధర్మమును వ్యాపింపజేసిరో చెప్పుచు కాశ్మీర గాంధారములతో మొదలిడి తోసలి, అపరాంతము, వనవాసి, ద్రావిడము, తామ్రపర్ణి అని దేశముల పట్టిక నిచ్చినది. తోసలి నేటి ఒడిస్సా, అపరాంతము కొంకణతీరము, వనవాసి కర్ణాటకమందలి బనవాసి, ద్రావిడము చెప్పనే యక్కర లేదు. మనము చెదరి స్థిరపడిన దేశములన్నియు ఒక ఉపాసిక తన రాతిమీద ముందే వ్రాసికొన్నట్లున్నది! ఆ బనవాసి రాజునకే ఇక్ష్వాకుల ఆడుబిడ్డ కొడబలిశ్రీ భార్యయై కర్ణాటకమునకు వెళ్లినది. వెళ్లియు పుట్టినింటి కొండపై బౌద్ధ ఆచార్యులకు ఒక విహారము కట్టించినది. తెలుగునాటి నుండి పొరుగుదేశమునకు మెట్టిన స్త్రీలలో మనకు పేరు తెలిసిన తొలివారిలో ఈమె యొకతె. ఈ యిద్దరిని గూర్చియు నవల వ్రాయుటకు ఇంకను చోటున్నది.

ఇక ‘గోన గన్నారెడ్డి’. దీనిని గూర్చి వ్రాయుటకు నాకు సొంత కారణమొకటి కలదు. మా రాయచూరు కోటగోడలో నలుబది యడుగుల పైబడిన యొకే రాయి యున్నది. దానిమీద 1294 నాటి తెలుగు శాసనము. గోన గన్నయరెడ్డి వారి యాజ్ఞచే విఠలనాథుడు ఆదవోని, తుంబళము, మానువ, హాలువ దుర్గములను సాధించి ఈ కోట గట్టించెనని అందున్నది. ఆ మహాశిలను దున్నలు పూన్చిన బండిమీద తెచ్చుచున్న చిత్రముకూడ గోడపై చెక్కియున్నది. మాధ్యమిక పాఠశాలలో చదువు దినములలో మేము ఆ బొమ్మలోని దున్నలను లెక్కించెడివారము. ఎన్నడును ఒక లెక్క కుదిరెడిది కాదు. ఆ వ్రాత మన లిపియని తెలిసినది మాత్రము చాల కాలమునకు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినది. తరువాత పుట్టిన పిల్లలకు ఆ రాయి ఎవరిదో చెప్పవలసిన బాధ్యత ఇంటివారిదైనది.

శాసనమున ఆదవోని గెలువబడిన దుర్గములలో మొదటిది. బాపిరాజుగారి నవలలో ఆదవోని ఒక పెండ్లిపందిరి. ఆదవోని రాజకుమారి అన్నాంబికకు ఇష్టము లేని వివాహము సిద్ధమగుచుండగా గన్నారెడ్డి పెండ్లికుమారునే ఎత్తుకొనిపోవును. చదువరి నవ్వుకొనును, కాని చెదిరిన పెండ్లిపందిటిలో మిగిలిపోయిన పిల్ల గతి యేమి? సామాన్య రచయిత యెవడైనను వీరునివెంట గుఱ్ఱమెక్కి సాగిపోవును. బాపిరాజుగారు ఆమెతో నడచినారు. అన్నాంబిక ఏడ్చుచు కూర్చుండదు. ఇల్లు వెడలి ఒరుగల్లు చేరి రుద్రమదేవికి ఆంతరంగిక సఖియగును, ఆయుధము పట్టును. రాతిమీద ‘సాధించిన దుర్గము’గా మాత్రమే మిగిలిన ఊరికి నవల ఒక ఆడుబిడ్డను, ఆ బిడ్డకొక స్వతంత్రమగు నడకను ఇచ్చినది. ఈ యొక్క మార్పు కొరకే ఆ గ్రంథమునకు నమస్కరింపవచ్చును.

రుద్రమదేవి మాటకు వత్తము. ఆమెను మరుగునబడిన స్త్రీ యనుట వింతగా తోచవచ్చును. నేడు ఆమె విగ్రహములు కలవు, 2015లో చలనచిత్రము వచ్చినది. కాని ఆమె కాలపు వ్రాతలను చూడుడు. శాసనములు పలుచోట్ల ఆమెను పురుషనామముతో ‘రుద్రదేవ మహారాజు’ అనియే పేర్కొన్నవి. విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయము’ గణపతిదేవుడు కూతునకు రుద్రుడని పేరు పెట్టి కుమారునివలె చూచినట్లు చెప్పును. ఆమె పోయిన కొలది యేండ్లకు తీరము వెంట సాగిన మార్కో పోలో ఆ రాణి న్యాయపాలనను మెచ్చినాడు గాని పేరు చెప్పలేదు. పైగా ఆమెను రాజు విధవగా భావించినాడు. అందుచేతనే ఆమె గణపతిదేవుని కూతురా, భార్యయా యను చర్చ మన పండితులలో కొంతకాలము నడచినది. ఇంతటి చక్రవర్తిని విషయమే ఇట్లుండ తక్కిన స్త్రీల మాట చెప్పనేల!

నవలలో బాపిరాజుగారు పట్టుకొన్నది ఈ పురుషవేషపు చిక్కునే. సభలో మహారాజుగా నుండవలసిన స్త్రీ, ఏకాంతమున తానెవరో తననే యడుగుకొను స్త్రీ. ఆ భాగములు ఆయన రచనలలో ఉత్తమమైనవి. యాదవ మహాదేవుని దండయాత్ర, దానిని త్రిప్పికొట్టుట కథాంతమున వచ్చును. ఆ యుద్ధపు ఆనవాలు కర్ణాటకమందే యున్నది: బీదరు కోటలో దొరికిన శాసనఖండమున రుద్రమదేవికి ‘రాయగజకేసరి’ యను బిరుదము, ఆమెవెంట నడచిన సింద భైరవుని పేరు కలవు. బీదరు, రాయచూరు మన యిరుగుపొరుగు ఊళ్లు. పండుగనాడు బంధువుల యిండ్లకు పోవుచు ఆ కోటల ప్రక్కగా ఎన్నిమార్లు సాగితిమో!

బాపిరాజుగారికి దొరకని ఆధారము తరువాత దొరకినది. నల్లగొండ ప్రాంతమున చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనము, రుద్రమదేవియు ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును దివంగతులు కాగా వారి పుణ్యమునకై ఒక భృత్యుడు చేసిన దానమును తెలుపుచున్నది. రాణియు సేనానియు ఒకేమారు పోవుటచేత, తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవునితోడి యుద్ధముననే ఆమె మరణించెనని చరిత్రకారులు తలంతురు. ఆమె వృద్ధురాలు, యుద్ధభూమికి పోయినది. ఈ యొక్క సంగతి ఆయనకు తెలిసియున్నచో నవలకు మరియొక సంపుటము చేరెడిదేమో.

బాపిరాజుగారి తప్పులను గూడ చెప్పక తప్పదు. ఆయన స్త్రీలందరును లోకోత్తర సుందరులు. వర్ణన మొదలిడిన పిమ్మట ఆయన కుంచె ఆగదు. కథ ఒక మూల నిలుచుండి వేచియుండును. ఎంతటి వీరవనితయైనను తుదకు ప్రేమలో తన సార్థక్యమును కనుగొనవలెనను నాటి భావము ఆయనను విడువలేదు. రాజగృహములకు వెలుపల, చెరువుకట్టపై మట్టి మోసిన స్త్రీ ఆయన కంట అంతగా పడలేదు. అయినను, తెరచిన త్రోవ పెద్దది.

ఆ త్రోవను పోదలచిన వారికి వస్తువు కొదువ లేదు. గన్నారెడ్డి కాలముననే, గోన వంశముననే కుప్పాంబిక కలదు. ‘రంగనాథ రామాయణ’ కర్తయగు గోన బుద్ధారెడ్డి కూతురు, మాల్యాల గుండదండనాథుని భార్య. 1276లో బూదపురమున, నేటి భూత్పూరున, ఆమె వేయించిన శాసనమున్నది. ఆమెయే తొలి తెలుగు కవయిత్రి యని పండితులు కొందరందురు. తండ్రి రామాయణము వ్రాయుచుండగా విన్న పిల్ల! గణపతిదేవుని చెల్లెలు మైలమ బయ్యారమున చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. కాకతీయుల తొలిపురుషుల వంశావళికి అది ముఖ్యాధారము. రాజుల తాతముత్తాతల పేర్లు మనకు దక్కుటకు ఒక ఆడుబిడ్డ త్రవ్వించిన చెరువు కారణమైనది. గణపతిదేవుని మరియొక కూతురు గణపాంబ, కోట బేతరాజు భార్య, భర్త పోయిన పిదప ధరణికోట సీమను తానే పాలించినది. ఆమె శాసనము యెనమదలలో నున్నది. వేంగీ రాజ్యస్థాపకుడగు కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడలో జైనవసతి కట్టించినట్లు నూరేండ్లు దాటిన పిమ్మటి తామ్రశాసనము వలన తెలియుచున్నది. మహారాష్ట్రమున నున్న మనవారు నాసికకు దూరము కారు. గౌతమీపుత్ర శాతకర్ణి కీర్తి యంతయు అచ్చటి గుహలో ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ వ్రాయించిన మాటలవలననే మనకు తెలిసినది. కొడుకు పోయిన తరువాత, మనుమని రాజ్యకాలమున ముసలితల్లి వ్రాయించిన శాసనమది.

ఈ వ్యాసము వ్రాయుటకై గ్రంథములు తిరుగవేయుచుండగా మా యింటి వంశవృక్షమును గూడ తీసితిని. మా ముత్తాతగారు ప్రత్తి వ్యాపారముకొరకు ఆదవోని విడిచి రాయచూరు చేరిరి. ఆయన లెక్కల పుస్తకపు తుది పుటలలో ఏడుతరముల పేర్లు వ్రాసిపెట్టినారు. ఏడు తరములును మగవారే. ప్రక్కను భార్యల స్థానమున చిన్న గీతలు, కొన్నిచోట్ల ‘ఆదవోని సంబంధము’, ‘గద్వాల సంబంధము’ అని మాత్రము. కన్నడపు వీధిలో నూరేండ్లు పైగా తెలుగు నిలిచినది ఆ గీతల వలననేగదా. అంగడిలో మగవారు కన్నడమును, ఉర్దువును మాటలాడి యింటికి వచ్చినప్పుడు గడపలోపల తెలుగు పలికినవారు వారే.

మా మేనత్త యిప్పటికిని మంచి జ్ఞాపకము గలది. ఆమె వయసులో నున్నపుడు ‘గోన గన్నారెడ్డి’ని అరువు తెచ్చుకొని వంటయింట దాచి చదివినదట. పుస్తకము తీసికొనిపోయి ఆమెయెదుట కూర్చుంటిని. ఆ గీతల పేర్లు చెప్పుమంటిని. ఆమె కొంతసేపు కన్నులు మూసికొని రెండు పేర్లు చెప్పినది. మూడవ గీతవద్ద ఆగినది. “అందరూ ఆదవోని అవ్వ అనేవాళ్లు నాయనా, అంతే. ఆమెకు పేరుండేదని ఇప్పుడు నువ్వడిగినాకే తోస్తావుంది” అన్నది.

తెలిసిన రెండు పేర్లను గీతలపై వ్రాసితిని. మూడవచోట ‘ఆదవోని అవ్వ’ అని వ్రాసి, ప్రక్కను కొంత స్థలము విడిచియుంచితిని. ఆదవోనిలో మా వారి యిల్లొకటి ఇంకను ఉన్నదట. వచ్చే వేసవిలో మేనత్తను వెంటబెట్టుకొని పోయి అచ్చటి ముసలివారి నడుగవలెనని యున్నాను.